గంజి పెట్టిన చీర

నాన్న రిటైరైన ఏడాది మా ఇంట్లో ఉప్పు కంటే ఎక్కువ వాడకంలో ఉన్న మాట 'అప్పట్లో'. కాఫీ తాగితే అప్పట్లో పాలు, అన్నం తింటే అప్పట్లో బియ్యం, కరెంటు పోతే అప్పట్లో గాలి. ఆయన కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూళ్ళో పుట్టి, చిన్నప్పుడే చదువుకోసం హాస్టల్లో చేరి, ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్య చేసి, చివరికి శామీర్‌పేట దారిలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఊళ్ళో గడిపిన ఏళ్ళ కంటే ఊరి గురించి చెప్పిన ఏళ్ళే ఎక్కువని అమ్మ అనేది. ఆయనకి వినబడేలా మాత్రం అనేది కాదు.

కాలనీలో ఆయన ఒక్కరే కాదు. సాయంత్రం కాగానే నీళ్ళ ట్యాంకు కింద సిమెంటు అరుగు మీద రిటైరైన పెద్దలందరూ చేరేవారు. అందరివీ కోస్తా జిల్లాలే, అందరివీ పెద్ద పెద్ద పశువుల కొట్టాలే. ఆ అరుగు ఉన్న చోటు అంతకు ముందు జొన్న చేను. దాని మీద కూర్చుని, పొలాలన్నీ ప్లాట్లయిపోతున్నాయని వాళ్ళు చాలా నిజాయితీగా బాధపడేవారు. ఉక్కపోత రోజుల్లో గాలి తిరిగితే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు నుంచి చెత్త వాసన వచ్చేది. అది రాగానే పల్లెటూరి మట్టి వాసన గుర్తుకొచ్చేది వాళ్ళకి.

అలా గుర్తుకొచ్చిన ఒక సాయంత్రమే నాన్న ప్రకటించారు, గేదెని కొంటానని. పాలు తానే పితుకుతానని కూడా.

"మీకు పితకడం వచ్చా?" అంది అమ్మ.

"పొదుగు కింద పుట్టి పెరిగినవాణ్ణే! ఈత నేర్చినవాడు మర్చిపోతాడా?"

గేదె లాల్‌గడి మలక్‌పేట్‌లో దొరికింది. అమ్మినావిడని ఊరంతా అవ్వ అనేది, మేమూ అలాగే అన్నాం. బేరానికి నాన్న వెంట నేనూ వెళ్ళాను. నేను మాట్లాడాల్సిన అవసరం లేదన్న హామీ మీద. పల్లె జీవితం గురించి నాన్న ఆవిడతో ఎంతో మాట్లాడాలనుకున్నారు.

"ఎంత మంచి జీవితం అవ్వా మీది. ఇంత మంచి గేదెని ఎందుకమ్ముతున్నావు?"

"మోకాళ్లు వంగుతలేవు సారూ. కూసుంటె లేవరాదు, లేస్తె కూసోరాదు. ఇగ మేత ఏడుంది? మా పోరలు పొలం అమ్మిండ్రు, కొన్నోళ్లు ప్లాట్ల రాళ్లు పాతిండ్రు. బర్రె రాళ్లు మేస్తదా?"

"అయినా ఆ రోజులే వేరు కదా."

"వేరేనే. పెండ తీసి తీసి నడుము పోయింది. తోల్కపో, నాకూ పరేషాన్ తప్పుతది."

గేదె, దాని వెంట దూడ మా పెరట్లో రేకుల పాక కిందికి వచ్చాయి. నాన్న సుచిత్ర చౌరస్తా దాకా వెళ్ళి మెరిసే స్టీలు బకెట్టు తెచ్చారు. మొదటి రోజు ఆ బకెట్టు మెరుస్తూనే తిరిగొచ్చింది. రెండో రోజూ అంతే. నాన్న పొదుగు కడిగారు, ఆముదం రాశారు, తవుడు పెట్టారు, కోస్తా పద్ధతిలో 'హయ్ హయ్' అని బుజ్జగించారు. గేదె అన్నీ తిని, అన్నీ రాయించుకుని, పాలు మాత్రం పైకి ఎగచేపుకుని నిలబడేది. గట్టిగా పిండితే ఒక గ్లాసుడు వచ్చేవి. మిగతావి దూడకే.

నేను పెరటి మెట్ల మీద పుస్తకం ముందు పెట్టుకుని ఇదంతా చూసేదాన్ని. ఆ నెల చదివిన పేజీలు తక్కువ.

అమ్మ ఆ గ్లాసుడు పాలలో ప్యాకెట్ పాలు కలిపి కాచేది. ఆ కాఫీ తాగిన ట్యాంకు కింది పెద్దలు కళ్ళు మూసుకుని, "ఇదీ పాలంటే. ప్యాకెట్ పాలకి ఈ కమ్మదనం ఎక్కడిదండీ!" అన్నారు. నాన్న వినయంగా తల వంచారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కానీ ఇంట్లో నాన్న ముఖం రోజురోజుకీ చిన్నదవుతోంది. గేదె ఇలాగే ఎగచేపితే వట్టిపోతుందని ఆయనకీ తెలుసు. అది వట్టిపోతే ఆయన దగ్గర మిగిలేది పెన్షన్ ఒక్కటే. ఇన్నాళ్ళూ చెప్పిన ఊరు కూడా ఆ పాలతోపాటే పోతుంది. చివరికి సిగ్గు పక్కనపెట్టి అవ్వని పిలిపించారు.

అవ్వ సెవెన్ సీటర్ ఆటోలో దిగి, పెరట్లోకి వచ్చి, "ఏమే, నకరాలు జేస్తున్నవా?" అంది. గేదె చెవులు కదిలాయి. తల తిప్పి ఆవిడ చేతిని నాకింది.

"దీనికేం రోగం లేదు సారూ. నీ వాసనకు బుగులు వడ్తాంది, బెదురుతాంది," అని సంచిలోంచి మాసిన ఆకుపచ్చ నేత చీర ఒకటి తీసింది. "నిన్న కట్టి విడిసినదే. ఇది సుట్టుకొని కూసో. నేననుకొని సేపుతది."

నాన్న చీర వైపు, నా వైపు చూశారు. నేను పుస్తకం వైపు చూశాను.

"నేనా? చీరా?"

"మరి బర్రెకు ప్యాంటు దొడగాలెనా?"

అవ్వ వెళ్ళాక నాన్న చాలాసేపు పెరట్లో పచార్లు చేశారు. సూపరింటెండెంటుగా చేసిన మనిషి చీర కట్టడమేమిటన్నారు. రిటైరయ్యారుగా, ఎవరు చూస్తారంది అమ్మ. రాత్రి భోజనాల వేళకి ఆయన దారికొచ్చారు, ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీద. అమ్మ కూడా ఒప్పుకుంది. కాకపోతే తన షరతు తను పైకి చెప్పలేదు.

మర్నాడు అమ్మ ఆ చీరని సబ్బుపొడి వేసి నానబెట్టింది, బ్రష్షుతో రుద్దింది, నీలిమందు వేసింది, గంజి పెట్టి దండెం మీద ఆరేసింది. ఎవరో విడిచిన చీరని ఉతక్కుండా మొగుడికి కట్టబెట్టే ఇల్లాలు మా వంశంలో లేదు. పైగా ఇస్త్రీ కూడా చేసింది. ఆ మర్నాడు తెల్లవారుతుండగా నాన్న లుంగీ మీద ఆ చీర చుట్టుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని, ఫెళఫెళమంటూ పాకలోకి నడిచారు.

గేదె తల తిప్పింది. కొంగుని నిదానంగా వాసన చూసింది. ఒకసారి బుస్సుమని ఊపిరి వదిలి, వెనక కాలితో ఒక్క తన్ను తన్నింది. బకెట్టు గోడకి కొట్టుకుంది. నాన్న పేడలో కూలబడ్డారు.

ఆ చప్పుడుకి పక్కింటి పెద్దాయన, ట్యాంకు కింది సభ్యుల్లో ముఖ్యులు, మేడ మీద నుంచి తొంగిచూశారు. కాసేపు చూసి, చాలా మర్యాదగా అడిగారు:

"ఏదైనా వ్రతమాండీ?"

"లేదండీ," అన్నారు నాన్న కొంగు లోపల్నుంచి.

ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాశాను: నాన్న చీర కట్టుకున్నారు.

తర్వాత నాన్న ట్యాంకు దగ్గరికి వెళ్ళడం మానేశారు. ఇంట్లో 'అప్పట్లో' వినబడలేదు. కాఫీ ఎలా ఉన్నా తాగేసేవారు. ఏళ్ళ తరబడి ఆ మాటకి విసుక్కున్న అమ్మ, ఒక మధ్యాహ్నం కూర వడ్డిస్తూ, "మీ ఊళ్ళో వంకాయలు ఇంతకంటే లేతగా ఉండేవేమో!" అని అందించి చూసింది. ఆయన అందుకోలేదు. "గేదెని వాపసిచ్చేద్దాం. ఇవన్నీ నావల్ల కావు. పెద్దవాణ్ణయ్యాను," అన్నారు.

ఆ మాట చెప్పడానికి అమ్మ నన్ను పంపింది. దారంతా వాక్యం తయారుచేసుకున్నాను. అవ్వ కొత్త స్లాబు ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లోపల టీవీ మోగుతోంది.

నేను నోరు తెరిచేలోపే, "బర్రె తిన్నదా?" అంది.

నా వాక్యం చెదిరిపోయింది. జరిగిందంతా చెప్పేశాను, ఇస్త్రీతో సహా. అవ్వ కుర్చీ కదిలేలా నవ్వింది.

"ఉతికిండ్రా! గంజి గూడ వెట్టిండ్రా! అయ్యో బిడ్డా, గా మురికిలనే ఉండె గదా ముచ్చటంతా!"

"నాన్న గేదెని వాపసిస్తారట."

నవ్వు ఆగింది. "తెచ్చి ఏడ గడ్తరు? కొట్టంల మా పోరడు బండి వెట్టిండు." కాసేపు లోపలి టీవీ వైపు చూసి, మోకాళ్ళ మీద చేతులూని లేచింది. "పా. పొద్దుగాల సంది కూసుంటే తిన్నది అరుగుతలేదు."

మా పెరట్లో ఆవిడకి వంటింటి ప్లాస్టిక్ స్టూలు వేశాం. దాని మీదైతే మోకాళ్ళు పెద్దగా వంచనక్కర్లేదు. గేదె అలవాటుగా కాళ్ళు ఎడం చేసి నిలబడింది. దూడని వదలగానే అది పొదుగుకి అతుక్కుపోయింది, ఇక ఎంత లాగినా రాదు.

"దుడ్డెను వట్టుండ్రి ఎవరన్న!" అని కేకేసింది అవ్వ.

గది కిటికీ దగ్గర నిలబడ్డ నాన్న బయటికి వచ్చారు. ఏమీ ఆలోచించకుండా దూడ మెడ కింద చెయ్యి వేసి, రెండు మోకాళ్ళ మధ్య దాన్ని అదిమిపట్టి, గదమ కింద వేళ్ళతో గోకడం మొదలుపెట్టారు. దూడ మెడ చాచి, కళ్ళు సగం మూసి నిలబడిపోయింది. బకెట్టులో ధార మోగింది.

అవ్వ పిండుతూనే చూసింది. "గీ పని మంచిగొస్తదే నీకు!"

"ఇదొక్కటే వచ్చవ్వా," అన్నారు నాన్న. "పితికేది మా అమ్మ. నేను దూడని పట్టుకునేవాణ్ణి."

అమ్మ గుమ్మంలోంచి వింది. "ఇన్నాళ్ళూ మొత్తం అబద్ధమనుకున్నాను. సగమేనన్నమాట," అంది నాతో, ఈసారి ఆయనకి వినబడేలా.

అప్పట్నుంచి అవ్వ రోజూ పొద్దున వచ్చేది. తన వాటా పాలు చెంబులో పోసుకుని వెళ్ళేది. పనికి రాలేదని, బర్రెని చూసిపోదామని వచ్చానని దార్లో అడిగిన అందరికీ చెప్పేదట. నాన్న దూడని పట్టుకుని, "అప్పట్లో మా ఊళ్ళో అవ్వా..." అని మొదలుపెడితే, "ముచ్చట్లు తర్వాత సారూ. సక్కగ వట్టు, గుంజుతాంది," అనేది.

కొన్నాళ్ళకి నాన్న మళ్ళీ ట్యాంకు దగ్గరికి వెళ్ళారు. అమ్మ ఇచ్చిన కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను. పక్కింటి పెద్దాయన వ్రతం సంగతి ఎత్తలేదు. ఎంతో జాగ్రత్తగా, "ఇప్పుడు బాగా పితుకుతున్నారా?" అని మాత్రం అడిగారు.

"పితికేది అవ్వండీ. నేను దూడని పట్టుకుంటాను. చిన్నప్పుడూ అంతే," అన్నారు నాన్న.

నేను గ్లాసుల్లో కాఫీ పోశాను. పెద్దాయన ఒక గుక్క తాగి, గ్లాసు వైపే చూస్తూ అన్నారు:

"మా ఇంట్లో అసలు గేదె లేదండీ. పక్కింటివాళ్ళకి ఉండేది."

గ్లాసులు ఇంకా నిండుగానే ఉన్నా, మిగతావాళ్ళందరూ ఒకేసారి ఫ్లాస్కు వైపు చేతులు చాపారు.