బియ్యం బస్తా జవాను

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే చాలు, మా చెల్లెలు నవ్వుతుంది, ఎంత ముసలిదానివైపోయావక్కా అని. నిజమే, ఇది మొన్నమొన్నటి కరోనా ఏడాది సంగతి. అయినా ఆ పక్కింటి తాతయ్య గుర్తొస్తే, నేను పెద్దదాన్నయింది అప్పుడే అనిపిస్తుంది.

గోదావరి జిల్లా నుంచి కొడుకును చూడ్డానికి గల్ఫ్‌లో మేముండే ఇంటర్నేషనల్ సిటీకి వచ్చి, విమానాలు ఆగిపోయి మా పక్క ఫ్లాట్‌లో ఇరుక్కుపోయారాయన. పదాతిదళంలో సుబేదారుగా చేసి, సరిహద్దుకు వెళ్లబోయే జవాన్లను తయారుచేసిన మనిషి. ఊరికే కూర్చోలేక, సాయంత్రాలు బిల్డింగ్ వెనక ఇసుకలో మా పిల్లమూకకు డ్రిల్లు మొదలుపెట్టారు. దుప్పటిలో బియ్యం బస్తా వేస్తే అది గాయపడ్డ జవాను. దాన్ని కింద పెట్టకుండా చల్లగా ఉండే లాబీలోకి చేర్చాలి. లీడర్ని నేనే. అంతా బాగా సాగుతోందనుకునేసరికి నావైపు వేలు చూపించేవారు.

"నువ్వు పడిపోయావమ్మా. ఇంక మాట్లాడకూడదు."

మూతి ముడుచుకుని ఇసుకలో పడుకునేదాన్ని. ఒకరోజు ఉక్రోషం ఆపుకోలేక ఎందుకలా అని అడిగేశాను. సైన్యంలో తన కంపెనీ కథ చెప్పారు. సరిహద్దుకు వెళ్లేముందు అందరూ బ్రహ్మాండంగా సాధన చేశారట, హవల్దారు కేకేస్తే చాలు. తీరా కొండమీద మొదటి తూటా ఆ హవల్దారుకే తగిలింది. అంతమంది వస్తాదులూ ఆయన నోటిమాట కోసం ఆయన వంకే చూస్తూ ఉండిపోయారు. ఆ కాస్త ఆలస్యంలో మరో తూటా తగిలి తాతయ్య ప్రాణస్నేహితుడు పోయాడు. తను శిక్షకుడయ్యాక, ప్రతి సాధనలోనూ మధ్యలో నాయకుణ్ణి పడుకోబెట్టేవారట, ఒకరి పని ఇంకొకరికి నేర్పేవారట. మొదట విసుక్కున్న అధికారులే తర్వాత పక్క కంపెనీల వాళ్లను తీసుకొచ్చి చూపించారట. అంతటి మనిషి అదే శ్రద్ధ మామీదా పెట్టారు. తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ వారంలోనే, ఉక్కపోస్తున్న ఒక సాయంత్రం, ఆయన కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయారు. ఇదీ డ్రిల్లే అనుకుని నవ్వాం. పిలిస్తే పలకలేదు. అందరూ నావైపు చూశారు. నేను తాతయ్య వంకే చూస్తూ నిలబడిపోయాను.

అప్పుడు అరిచింది, మాలో అందరికంటే చిన్నదైన మా చెల్లెలు.

"అక్క పడిపోయింది! ఇంక నేను చెప్తా. దుప్పటి పట్టండి, యల్లా, పదండి!"

బస్తా దొర్లించేసి తాతయ్యను ఎక్కించాం. ఒకడు వాచ్‌మన్ దగ్గరికి, ఇంకొకడు వాళ్లబ్బాయి కోసం పైకి పరుగెత్తారు. లాబీలోకి చేర్చిన కాసేపటికే అంబులెన్స్ వచ్చింది. షుగరు బాగా పడిపోయిందట, ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదట. రెండు రోజులకు ఆసుపత్రి నుంచి వీడియో కాల్ చేసి, ఆయన మొదట అడిగింది లీడరెవరని. చెల్లెలిని చూపించాం. పడుకునే సెల్యూట్ కొట్టారు.

ఇప్పుడు ఏ పని చేతికొచ్చినా, నేను లేకపోతే ఇది ఎవరు చేస్తారని ముందు చూసుకుంటాను, వాళ్లకు నేర్పుతాను. చెల్లెలు నన్ను చూసి ఎంత నవ్వినా కోప్పడను. నా నోట మాట రాని రోజున నా చోట నిలబడింది అదే.