మగ ఉద్యోగికి అత్త ఉండదు

నేను ప్రభుత్వాన్ని అడిగింది ఒక్క వాక్యం. ఇల్లరికం వచ్చిన మగ ఉద్యోగి తన మీద ఆధారపడ్డ అత్తగారిని వైద్య బీమాలో కుటుంబ సభ్యురాలిగా చేర్చుకోవచ్చా, లేదా? అవునంటే ఒక దారి, కాదంటే ఇంకో దారి. ఏడు నెలలు తిరిగాను. అవునూ రాలేదు, కాదూ రాలేదు. ఈలోపు మా అత్తమ్మ ఎడమ కన్ను పోయింది.

మాది మధిర వైపు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను. బూర్గంపాడు రోడ్డు మీద జామాయిల్ కర్రకు బెరడు తీసి ముక్కలు కొట్టే చిన్న యూనిట్ ఒకటుంది. దాంట్లో మోటార్లు, ప్యానెళ్లు చూసుకుంటాను. ఆరేళ్ల కిందట నా పెళ్లినాటికి మామయ్య మంచాన ఉన్నాడు. వాళ్లకు మగపిల్లలు లేరు, మా ఇంట్లో అన్న ఉన్నాడు. అందుకని నేనే వాళ్లింటికి వచ్చాను. ఇక్కడ దీన్ని ఇల్లుటం అంటారు. అడివి అంచున ఉన్న ఈ ఊళ్లలో ఇదేం వింత కాదు, మా వీధిలోనే ఇంకో ఇద్దరున్నారు. మామయ్య పోయాక ఇంట్లో సంపాదన నాది, నా భార్యది. తను ఊళ్లోని ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేది. అత్తమ్మకు ఉన్నది నీళ్లు లేని మెట్టపొలం. కౌలుకిస్తే వచ్చేది పండగ ఖర్చుకు సరిపోతుంది. కానీ కాగితం మీద ఎకరాలు ఎక్కువున్నాయని ఉచిత వైద్యానికి పనికొచ్చే ప్రభుత్వ కార్డు తీసేశారు. అంటే దవాఖానాకు ఆమెకున్న ఆధారం నేనొక్కణ్ణే.

బూర్గంపాడులో పెట్టిన కంటి శిబిరంలో ఆమెకు నీటికాసులని చెప్పారు. ఖమ్మం తీసుకెళ్లాను. కంట్లో నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుందని డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలతో కొన్నాళ్లు ఆపొచ్చు, రెండు మూడు నెలల్లో ఆపరేషన్ చేయించమన్నాడు.

మర్నాడే మా యూనిట్ గుమస్తా దగ్గర, మా జీతాల్లోంచి కోసి కట్టే వైద్య బీమా ఫారం అడిగాను. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"తల్లి అని రాయి తమ్మీ. ఎవడు చూస్తడు?"

"తల్లి పేరు బీమా కార్డులో ఉంది కదన్నా. మా అమ్మ బతికే ఉంది."

"ఆమెను తీసి ఈమెను పెట్టు. మీ అమ్మకు మీ అన్న ఉన్నడు గద. మన యార్డుల నలుగురు గిట్లనే చేసిన్రు. వాళ్ల అత్తలు మోకాళ్లు మార్పిచ్చుకోని నాకంటె జల్దీ నడుస్తున్రు."

లారీ మీంచి కర్ర దించుతున్న ఆపరేటర్ నవ్వాడు. "ఇల్లుటపోనికి అత్తే గదనే అమ్మ. గంత ఆలోచన ఏంది?"

నేను ఒప్పుకోలేదు. కారణాలు డైరీలో రాసుకున్నాను. అబద్ధం బయటపడితే కార్డే రద్దవుతుంది, నా భార్యకూ కూతురికీ కూడా ఏమీ మిగలదు. ఆధార్‌లో అత్తమ్మ పేరు పక్కన ఉన్న భర్త పేరు మా నాన్నది కాదు. మూడోది రాయలేదు. అమ్మ పేరు మీద గీత కొట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ రాత్రి, ఈ బీమా నడిచే కొత్త కార్మిక చట్టంలో కుటుంబం అంటే ఎవరో చదివాను. మహిళా ఉద్యోగి అయితే ఆమె మీద ఆధారపడ్డ అత్తమామలు కూడా కుటుంబమే. మగవాడి అత్తమామల మాట లేదు. ఆడపిల్ల అత్తారింటికి పోతుందని రాసినవాళ్లకు తెలుసు, మగవాడు కూడా పోతాడని తెలియదు. రాయడం మర్చిపోయారా, కావాలని వదిలేశారా? చట్టం తయారుచేసిన ప్రభుత్వమే చెప్పాలి. చదువుకున్నవాణ్ణి కాబట్టి, సరిగ్గా అడిగితే సరిగ్గా చెబుతారనుకున్నాను. నా తప్పు ఇక్కడే మొదలైంది.

బీమా ఆఫీసుకు రాసిన ఉత్తరంలో పేరాలకు అంకెలు వేశాను. ఆధారపడ్డట్టు పంచాయతీ ధ్రువపత్రం, డాక్టరు చీటీ, చట్టం పేజీ జతచేశాను. నెలన్నరకు జవాబొచ్చింది. యాజమాన్యం ద్వారా పంపాలట. పంపాను. తర్వాతి జవాబులో, నేను జతచేసిన పేజీనే నకలు తీసి నాకు జతచేశారు. మూడో ఉత్తరానికి, ఈ కార్యాలయం న్యాయ సలహా ఇవ్వదు, న్యాయవాదిని సంప్రదించగలరు అని రాశారు. ఆన్‌లైన్ ఫిర్యాదు పెడితే రెండో వారంలో "పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని తెరిస్తే ఆ గడి ఖాళీగా ఉంది.

అత్తమ్మ రోజూ అడిగేది. "నీ కాగితం వచ్చిందా బిడ్డా?"

"వస్తుంది అత్తమ్మా."

"రానీ తియ్. సర్కారోళ్లకు నా కన్ను తప్ప ఇంకేం పని లేదా."

సెలవు పెట్టి ఆ ఆఫీసుకే వెళ్లాను. అధికారి మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, ఫైలంతా చదివాడు.

"మగ ఉద్యోగి అత్తగారి ప్రస్తావన లేదండీ."

"లేదంటే చేర్చకూడదనే కదా సార్. ఆ మాటే రాసివ్వండి."

"రాసిస్తే అది నిర్ణయం అవుతుంది. నిర్ణయం పైవాళ్లది."

"పైవాళ్లకు పంపండి మరి."

"పంపాలంటే ఇక్కడి అభిప్రాయం రాయాలి. అభిప్రాయం నేను రాయకూడదు."

నేను చాలా యంత్రాలు విప్పి చూశాను. ఎంత పాడైనదానికైనా ఏదో ఒక చోట తీగ తెగి ఉంటుంది. ఇక్కడ ఏ తీగా తెగలేదు. అన్నీ సరిగ్గా బిగించి, కరెంటు పారకుండా చేశారు. ఆయన టీ తెప్పించాడు. తాగకుండా లేచి వచ్చేశాను. ఇప్పటికీ ఆ టీ గుర్తొస్తే ఒళ్లు మండుతుంది. కసురుకున్నా బాగుండేది, లంచం అడిగినా అర్థమయ్యేది.

నా భార్య ఒకరోజు నేరుగానే అడిగింది. "కాదనే అనుకోని ఆపరేషన్ చేపియ్యరాదా?"

"ఇంకో పదిహేను రోజులు చూద్దాం."

"మా అమ్మ కన్నుకు నీ పదిహేను రోజుల సంగతి తెల్వదు."

ఆ మాట మీద కోపం తెచ్చుకున్నాను. ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు, చూపించింది తన మీద.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తమ్మ నాకు అన్నం పెడుతోంది. గరిటెతో పప్పు తీసి కంచం పక్కన నేల మీద వేసింది. వేసి, "కలుపుకో బిడ్డా" అంది. నా కూతురు "అమ్మమ్మా, కింద పోసినవ్" అని నవ్వింది. అత్తమ్మ చేత్తో తడిమి చూసుకుని, ఆ చెయ్యి కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం నా మోటార్ సైకిల్ బండి అమ్మేశాను, మంగళవారం ఖమ్మంలో ఉన్నాం. డాక్టరు పరీక్ష చేసి, ఎడమ కన్నులో చూపు పోయిందని, దాంట్లో నొప్పి రాకుండా, కుడిదాన్ని కాపాడుకునేలా వైద్యం చేద్దామని చెప్పాడు. "ఇన్ని నెలలు ఏం చేశారు?" అన్నాడు. నా సంచిలో ఫైలు ఉంది. తారీఖుల వారీగా పెట్టిన ఫైలు. బయటికి తీయలేదు. ఆ బండి ఏడు నెలల ముందు కూడా నా దగ్గరే ఉంది. ఆఫీసు మీద నాకున్న కోపంలో ఇది కూడా ఉంది, కాదనను.

అబద్ధం రాసిన నలుగురి అత్తలూ బాగున్నారు. గుమస్తా ఈ మాట నాతో అనలేదు. అనకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

కుడి కంటికి బతికినన్నాళ్లూ చుక్కలు, పరీక్షలు కావాలి. అందుకని నా భార్య బడి మానేసింది. ఆ బడివాళ్లు ఎవరికీ బీమా కట్టరు. ఇప్పుడు సారపాక దగ్గర ఒక ప్యాకింగ్ షెడ్డులో డబ్బాలు అంటిస్తోంది. అక్కడ బీమా కార్డు ఇస్తారు. ఉద్యోగం కూతురిదైతే తల్లి తల్లే, ఏ చట్టమూ ప్రశ్న అడగదు. పొద్దున ఆరింటి బస్సుకు వెళ్తుంది. ఎక్కాలు రాయించిన చేతివేళ్లకు జిగురు అంటుకుని సాయంత్రానికి తోలు లేస్తోంది.

తను ఫారం నింపిన రోజు నేను పక్కనే ఉన్నాను. తల్లి పేరు, వయసు, సంతకం. పెన్ను మూత పెట్టేలోపు అయిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే" అంది, నా వైపు చూడకుండా. "బడిల పిల్లలకు కొత్త టీచర్ ఇంకా దొరకలేదంట."