అమ్మ పడుకోని మంచం

మోకాళ్ల నొప్పులతో అమ్మ నేల మీద పడుకోలేకపోతోందని, కిన్వట్ నుంచి ఎడ్లబండి మీద టేకు తెప్పించి, మూడు నెలలు నా చేతులతో మంచం చేశాను. ఒక్క మేకు కొట్టలేదు. నాలుగు మంచంకోళ్లకూ పువ్వులు చెక్కాను.

ఈ రోజు మధ్యాహ్నం దానికి నవారు అల్లి, బజారుకు వెళ్లొచ్చేసరికి మంచం నిండా పాత గొంగడి కప్పి ఉంది. అమ్మ పక్కనే చాప మీద మూలుగుతోంది.

"మంచం మీద పండుకోవేందే అమ్మా?"

"గంత మంచిది నేను పండుకుంటే ఖరాబైతది కొడుకా. నీ బిడ్డ పెండ్లికియ్యాలె, కొత్తగనే ఉండనీ."

"నాకే ఇంక పెండ్లి కాలే గదనే!"

"అయితది తియ్," అని అటు తిరిగి పడుకుంది.

పుట్టని కూతురి మీద ఇంత కోపం వస్తుందనుకోలేదు. ఇలాంటి అమ్మను ఎలా ఒప్పించాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.