తొమ్మిదో నంబరు గోల్‌కీపరు

నా చిన్నప్పుడు, అంటే డెబ్బైల చివర్లో, మస్కట్ పక్కన రువిలో మా నాన్న పనిచేసే కంపెనీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పేరుకు ఒకరు స్టోరులో, ఒకరు వర్క్‌షాపులో పని అని రాసుకున్నా వాళ్ళకు జీతం ఇచ్చేది ఆట కోసమే. గురువారం సాయంత్రం మ్యాచ్ ఉందంటే కంపెనీ మనుషులందరూ గ్రౌండ్ దగ్గరే. గడ్డి పరకైనా లేని గులకరాళ్ళ నేల, చుట్టూ నల్లటి కొండలు. ఆరో ఏట నుంచీ నాన్న పక్కన రాళ్ళ మీద కూర్చుని ఒక్క మ్యాచ్ కూడా వదలకుండా చూశాను. పదేళ్ళు వచ్చేసరికి ఫుట్‌బాల్‌లో నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, అది వేరే సంగతి.

నా చూపంతా గోల్‌కీపర్ల మీదే ఉండేది. గోల్ కొట్టడం పదిమంది కలిసి చేసే పని, గోల్ పడితే మాత్రం తప్పు ఒక్కడిదే అని నా సిద్ధాంతం. జట్టు పుట్టినప్పటి నుంచి తొమ్మిది మంది గోల్‌కీపర్లు మారారు. నేను రాకముందు ఆడినవాళ్ళ సంగతులు మెస్‌లో అన్నం తినేవాళ్ళను అడిగి రాబట్టాను. ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎన్ని గోల్స్ వదిలారు అన్నీ నోటుబుక్కులో ఎక్కించి, చివరికి పాలపొడి డబ్బాలొచ్చిన అట్టపెట్టె చింపి దాని మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా వరుసగా రాశాను. మొదటి నంబరు అప్పుడు ఆడుతున్న పొడుగాటి బలూచీ ఆయనది. ఆఖరి నంబరు కడప మామది.

కడప మామ ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, మాతో మాట్లాడేది కడప తెలుగు. జట్టు పెట్టిన తొలి ఏడాది గోల్‌లో నిలబడింది ఆయనే. ఒక మ్యాచ్‌లో ఏకంగా ఏడు గోల్స్ వదిలాక ఆయన్ని పక్కన పెట్టి వేరే మనిషిని తెచ్చారు. అయినా కంపెనీ వదులుకోలేదు. స్టోరు చూసుకుంటూ, మ్యాచ్ రోజున గ్రౌండ్ మీద సున్నంతో గీతలు గీసేవాడు. క్యాంపులో తెలుగు ఇళ్ళు రెండో మూడో. మేం కరీంనగర్ వైపు వాళ్ళం. ఆయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా నా జేబులో ఖర్జూరాలు పోసి వెళ్ళేవాడు. అలాంటి మనిషిని ఆఖర్న రాశానే అని నాకు రవ్వంత కూడా అనిపించలేదు. ప్రేమ ప్రేమే, లెక్క లెక్కే.

ఆ చలికాలం గ్రౌండ్‌లో కొత్త ఇనుప గోల్‌పోస్టులు వచ్చాయి. ఆ సందర్భంగా పాత గోల్‌కీపర్లను ఒక్కొక్కరినీ మైకులో పిలిచి సన్మానం చేస్తామని జట్టు మేనేజరు అన్నాడు. మా నాన్న ఊరుకుంటాడా, నా అట్ట గురించి గొప్పగా చెప్పేశాడు. మేనేజరుకు సరదా పుట్టి, అయితే ఆ వరుసలోనే పిలుద్దాం అన్నాడు. నా కళ్ళు నెత్తికెక్కాయి. కానీ అమ్మ ముఖం చిన్నబోయింది. ఎందుకంటే కడప మామ భార్య పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి రువికి వచ్చి అప్పటికి రెండు వారాలే. తాను కంపెనీ గోల్‌కీపర్నని మామ ఆమెకు ఉత్తరాల్లో రాసుకున్నాడు. తర్వాత పక్కన పెట్టిన సంగతి రాయలేదు.

"ఆమె ముంగట ఆయన్ని ఆఖరోడని మైకుల సదివితే ఎట్లుంటది బిడ్డా? ఆ పేరు తీసెయ్యరాదు," అంది అమ్మ.

నేను తీయనన్నాను. ఏడు గోల్స్ నేను వేయలేదు కదా అన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేను మాత్రం మర్నాడే ఆ అట్ట చంకలో పెట్టుకుని నేరుగా మామ దగ్గరికే వెళ్ళాను. దొంగచాటు పని నాకు చేతకాదు.

గ్రౌండ్‌లో బకెట్లో సున్నం కలుపుతున్నాడు మామ. అట్ట అందుకుని పై నుంచి కిందికి నింపాదిగా చదివాడు. "ఈ ఆఖర్న రాసింది ఎవుర్ని పాపా?" అన్నాడు.

"నిన్నే మామా. ఒక్క మ్యాచ్‌లో ఏడు ఇంకెవరూ వదల్లేదు."

"అది నిజమే," అని నవ్వాడు. కోపం రాలేదు, నొచ్చుకున్నట్టు కూడా లేదు. గీత వంకర పోకుండా నన్ను దారం కొస పట్టుకోమని తూర్పు వైపు గోల్‌లో నిలబెట్టి, తాను బకెట్‌తో పెనాల్టీ గీసే చోటికి నడిచాడు. సాయంత్రం అయిదు కావస్తోంది. పడమటి కొండ నెత్తిన సూర్యుడు సరిగ్గా నా కళ్ళ ఎదురుగా ఉన్నాడు. మామ అక్కడి నుంచి అరిచాడు. "పాపా, ఎన్ని వేళ్ళు చూపిస్తాండా చెప్పు!"

నాకు కనిపించింది ఒక నల్లటి నీడ, దాని చుట్టూ మంటలాంటి వెలుగు. అయినా తెలియదని ఒప్పుకునే రకం కాదు నేను. మూడు అన్నాను. కాదన్నట్టు నవ్వు వినిపించింది. నాలుగు అన్నాను. మామ నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ చూపించాడు. ఒక చేతిలో బకెట్, ఇంకో చేతిలో చీపురు. "నేను వేలే ఎత్తలేదు గదా పాపా," అన్నాడు. తర్వాత పడమటి గోల్‌కు తీసుకెళ్ళి, అంతే దూరం నుంచి మళ్ళీ అడిగాడు. ఈసారి వేళ్ళే కాదు, గోళ్ళ మీద ఎండిపోయిన సున్నం కూడా కనిపించింది.

అప్పుడు చెప్పాడు, అది కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితేనే. జట్టు పెట్టినప్పటి కెప్టెన్ ఒమానీ ఆయన. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళకు ఖర్జూరం, కహ్వా అనే అరబ్బీ కాఫీ ఇచ్చి ఆ తర్వాతే తాను ముట్టే మనిషి. గ్రౌండ్ మనది, వచ్చినవాళ్ళు అతిథులు అని, నాణెం ఎగరేయనిచ్చేవాడు కాదట. ఏ వైపు కావాలో వాళ్ళనే కోరుకోమనేవాడు. అతిథులు మాత్రం తక్కువ వాళ్ళా? ఎండ పైన ఉన్నప్పుడు మొదటి సగం తూర్పున ఆడేసి, ఎండ కళ్ళలోకి దిగే రెండో సగానికి ఆ తూర్పు గోల్ మన చేతిలో పెట్టేవారు. ఆ మర్యాద మూడేళ్ళు సాగింది. తర్వాత వచ్చిన కెప్టెన్ నాణెం ఎగరేశాడు. నా అట్ట మీద కింద ఉన్న నలుగురూ ఆ మూడేళ్ళ వాళ్ళే. రోజులు గడిచేకొద్దీ మంచి గోల్‌కీపర్లు వచ్చారని నేను అనుకున్నాను. వచ్చింది నాణెం.

సిగ్గుతో నా ముఖం కందిపోయింది. గట్టు మీద కూర్చుని నీతులు చెప్పడమంటే ఇదేనని ఆ రోజు తెలిసింది. అక్కడికక్కడే పెన్సిల్ తీసి ఆఖర్న ఉన్న మామ పేరు కొట్టేసి, పైన మొదటి నంబరు దగ్గర రాయబోయాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన గొంతు మొదటిసారి గట్టిగా పలికింది.

"జాలిపడి ఇచ్చే నంబరు నాకొద్దు పాపా. ఎండది ఎండకు రాయి, నాది నాకు రాయి. ఏడింట్లో మూడు ఎండవి. నాలుగు నావే. ఒకటి నా కాళ్ళ సందులోంచి పాయె. దానికి సూర్యుడేం చేస్తాడు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాటి నుంచి నోటుబుక్కు పట్టుకుని, ఊళ్ళో ఉన్న పాత గోల్‌కీపర్ల చుట్టూ తిరిగాను. ఏ గోలు ఏ సగంలో పడింది, ఎండ ఎటుంది అని అడిగాను. ఆపిన బంతులు మరిచిపోతారేమో గాని, వదిలిన బంతిని ఏ గోల్‌కీపరూ మరిచిపోడు. ఊరు వదిలి వెళ్ళిపోయినవాళ్ళ గోల్స్ మామ చెప్పాడు. ఒక్కదాన్నీ వాళ్ళకు అనుకూలంగా తిప్పలేదు, తనవీ తిప్పుకోలేదు. కొత్త అట్ట తయారయింది. బలూచీ ఆయన మొదటి నంబరు పోలేదు, ఆయన నిజంగానే గొప్పవాడు. కడప మామ ఆరో నంబరుకు వచ్చాడు. తొమ్మిదో నంబరుకు దిగిన పెద్దమనిషి నాతో నెల రోజులు మాట్లాడలేదు.

"మల్లెందుకు మార్చినవ్ బిడ్డా?" అని నాన్న అడిగితే, ముందు రాసింది తప్పని చెప్పాను. నా నోట ఆ మాట విని అమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

గురువారం వచ్చింది. మైకులో ఆరో నంబరు అని మామ పేరు చదివారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, తల ఎత్తుకుని, తాను గీసిన గీత తొక్కకుండా దాటి నడిచాడు. ఆయన భార్య నా పక్కనే కూర్చుంది. నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగింది. "ఆరంటే మంచిదేనా పాపా?"

"మంచిదే అత్తా," అన్నాను. "నేను ఒకటి ఇస్తానంటే మామే వద్దన్నాడు."

ఆమె అర్థం కానట్టు నన్ను చూసి, తర్వాత గ్రౌండ్ మధ్యలో నిలబడ్డ ఆయన్ని చూసింది. చున్నీతో కళ్ళు ఒత్తుకుని, అందరికంటే ఎక్కువ సేపు చప్పట్లు కొట్టింది.

తర్వాత నేను టీచర్నయ్యాను. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను, వేల పేపర్లు దిద్దాను. కఠినమైన మనిషినని పిల్లల్లో పేరు. జాలి మార్కు ఒక్కటి కూడా వేసి ఎరగను, ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను. కానీ ప్రతి ఏడూ మొదటి పరీక్ష అయ్యాక, బడి వదిలిన తర్వాత, క్లాసులో ఆఖరి ర్యాంకు వచ్చిన పిల్లవాడి బెంచీలో కాసేపు కూర్చునేదాన్ని. అక్కడి నుంచి బోర్డు వైపు చూసేదాన్ని. అక్షరాలు కనిపిస్తే ఆ మార్కులు వాడివే. కిటికీ ఎండ బోర్డు మీద మెరిసి అక్షరం కనిపించకపోతే, ముందు ఆ కిటికీకి తెర కట్టించి, మళ్ళీ పరీక్ష పెట్టేదాన్ని.