ట్రైలరు ఎడమ టైరు

చిలకలగూడలో ఏ బండి ఆగినా ఖాజావలి మనిషిని పలకరించే ముందు టైరు మీద చెయ్యి వేసేవాడు. ముక్కోపి. గాలి చూసుకోకుండా బరువెత్తిన లారీవాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాడు. అయినా టైరుకు దెబ్బ తగిలితే అందరూ ఆయన కొట్టుకే వచ్చేవారు. ఆయన వేసిన అతుకు ఊడేది కాదు.

ఆ రోజుల్లో లారీలవాళ్ళకు ఒక పాడలవాటు ఉండేది. మంచి టైర్లు లారీకి, అరిగినవి వెనక తగిలించే ట్రైలరుకు. ఇంజను లేని బండి, ఊరికే వెంట వచ్చేదేగా అని వాళ్ళ ధీమా. ప్రపంచ యుద్ధం ముగిసినా కొత్త రబ్బరుకు కటకటే. ట్రైలరు మోసేదీ బియ్యం బస్తాలే. ఖాజావలి తిడుతూనే బిగించి పంపేవాడు.

నలభై ఎనిమిది సెప్టెంబరులో బస్తాల చోట మనుషులు ఎక్కారు.

యూనియన్ సైన్యం నిజాం సరిహద్దు దాటిందనీ, సికింద్రాబాద్ స్టేషను మీద బాంబులు పడతాయనీ పుకారు. ఇంకోపక్క రజాకార్ల భయం. పక్కింట్లో ఉండే బ్రహ్మచారి అనే ఆయన తన లారీకి ట్రైలరు తగిలించి, వాడకట్టులోని ఆడవాళ్ళనూ పిల్లలనూ శామీర్‌పేట అవతల అత్తగారి ఊరికి తరలించబోయాడు. లారీ నిండగా మిగిలినవాళ్ళు ట్రైలరులో కిక్కిరిసి కూర్చున్నారు.

ఖాజావలి అలవాటుగా వంగి టైర్లు తడిమాడు. ట్రైలరు ఎడమ టైరు పక్క గోడ కణితిలా ఉబ్బి ఉంది.

"చారీ, బండి తియ్యకు. ఇది పోతది."

"గిప్పుడా? పోతే దారిల చూస్కుందాం."

"దారిల పగిల్తే ట్రైలర్ బోల్తానే. ఈ పక్క ఉన్నదే ఒక్క టైరు. లారీకి వెనక జోడు టైర్లున్నయ్. దాన్లకెళ్ళి ఒకటి దీనికేస్త, దీన్ని ఆడ పెడ్త. ఆడ పగిలినా పక్కది బరువాపుతది."

ఆ ట్రైలరును బ్రహ్మచారి పాత లారీ ఇరుసుతోనే చేసుకున్నాడు. చక్రాలు సరిపోతాయి. ఆయన తటపటాయిస్తుండగా, ట్రైలరులోంచి ఆయన తల్లి శ్యామలమ్మ గట్టిగా అడిగింది:

"మమ్మల్ని గీడ ఆపమని నీకెవరు చెప్పిన్రు ఖాజావలీ?"

ఏళ్ళ తరబడి తెలిసిన మొహాలన్నీ ఖాజావలిని కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తున్నాయి. రజాకార్లు వచ్చేదాకా ఆపుతున్నాడని వాళ్ళ అనుమానం. అవమానంతో కళ్ళు మండాయి. విసవిసా ఇంట్లోకి వెళ్ళి కూతురు బానోను ఎత్తుకొచ్చాడు.

"పోరిని ఏడికి తీస్కపోతున్నవ్? ఏందీ గిది?" అంటూ భార్య జాన్ బీ వెంటపడింది. ఆయన ఆగలేదు. బానోను శ్యామలమ్మ పక్కన, సరిగ్గా ఎడమ చక్రం పైన కూర్చోబెట్టాడు.

"నా బిడ్డ సుత వస్తది, అమ్మా. నేను సుత వస్త. ఇగనన్న జెర దిగున్రి, టైరు మార్చనియ్యిన్రి."

శ్యామలమ్మ మొహం తిప్పుకుంది గానీ, ముందుగా దిగింది ఆమే. బ్రహ్మచారి జాకీ తెచ్చాడు. ఎక్కడో విమానం మోత వినబడింది. ఖాజావలి టైర్లు మార్చి నట్లు బిగించాడు.

అల్వాల్ దాటాక, వాన నీళ్ళు నిండిన గోతి పక్కన ఢామ్మని పేలింది.

"రజాకార్లు!" ఎవరో కేక పెట్టారు. ఆడవాళ్ళు పిల్లల మీద వంగిపోయారు. ఖాజావలి బానోను పొదివి పట్టుకున్నాడు. లారీ కాస్త ఊగి నిలిచింది. దాని వెనకే ట్రైలరు నిటారుగా ఆగింది. మళ్ళీ చప్పుడు లేదు.

బ్రహ్మచారి దూకి చూశాడు. ఉబ్బిన టైరు లారీ వెనక పేలికలై వేలాడుతోంది. జోడులోని రెండో టైరు బరువు మోస్తోంది. ఆయన గోతిని చూశాడు, ట్రైలరును చూశాడు.

"ఇది ట్రైలర్‌కే ఉంటే..." అని ఆగిపోయాడు.

ఖాజావలి కిందికి దిగాడు. తన మాట నెగ్గిందన్న సంతోషం రవ్వంత కూడా లేదు. పట్టింపు కోసం బిడ్డను పణం పెట్టానన్న భయం అప్పుడు పట్టుకుంది. బురదలో కూలబడి అందరి ముందూ భోరుమన్నాడు.

శ్యామలమ్మ ట్రైలరులో పక్కనే బిక్కచచ్చిపోయిన బానోను తన ఒళ్ళోకి లాక్కుంది.

"లే కొడుకా," అంది. "ఇంకోపారి నన్ను నమ్మించనీకి బిడ్డను తేకు."