చిన్నాయన రెండోసారి చదివించిన కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లలను బడికి పంపలేదు. అరవై దాటాక, మా వీధిలో పెద్దవాళ్లకు పెట్టిన సాయంత్రపు బడిలో అక్షరాలు దిద్దాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. రాయలేదని కోపం తగ్గిందనుకోవద్దు.

మాది వడమాలపేట దగ్గర పల్లె. నాకు ఏడేళ్లప్పుడు మా నాయన కామెర్లతో పోయాడు. రెండేళ్లకు మా అమ్మ మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆయనను నేను చిన్నాయన అనేదాన్ని. బావులు తవ్వే కూలి, మాట తక్కువ. నన్ను దత్తత తీసుకుంటానని ఆయన అనగానే అందరికంటే ఎక్కువ సంబరపడింది మా పెద్దనాయన, అంటే మా నాయన అన్న. మా నాయన వాటా చేను అప్పటికే ఆయన దున్నుకుంటున్నాడు. ఆ సంబరం ఎందుకో ఎవరికీ తట్టలేదు.

ఒకరోజు పొద్దున పెద్దనాయన కాగితం రాయించి తెచ్చి, చదివి వినిపించాడు. పిల్లను ప్రేమగా పెంచాలి, పెళ్లి చేయాలి, అన్నీ తియ్యటి మాటలే. మా అమ్మ కళ్లు తుడుచుకుంటూ వేలిముద్ర వేసేసింది. చిన్నాయన మాత్రం వేలికి సిరా అంటించుకొని ఆగిపోయాడు.

"అన్నా, నాకు సదువు రాదు గదా. ఇంకోతూరి ఇంటా. పక్కింటి పాపతో సదివిస్తా."

"ఏమబ్బా, నా నోరు పనికిరాదా? ఆ పిల్ల నోట్లో తేనె కారతా ఉండాదా?"

"నీ నోరు మంచిదేలేన్నా. కాయితం ఎట్టాంటిదో సూడాల గదా."

పక్కింటి అక్క ఎనిమిది చదివింది. ఆ తియ్యటి మాటలన్నీ చదివి, పెద్దనాయన దాటేసిన చివరి వాక్యం దగ్గర ఆగింది. ఆయన ముఖం చూసి మరీ గట్టిగా చదివింది. ఈ పిల్లకు తండ్రి చేనులో ఇకపై ఏ హక్కూ లేదట.

"దత్తత పోయేదానికి ఈడ సేనెందుకే?" అని పెద్దనాయన అరిచాడు. తండ్రి లేని పిల్ల నోటి దగ్గరిది లాక్కుంటూ, ఆ పిల్ల ముందే అంత గొంతు!

చిన్నాయన కాగితం మడిచి నడుముకు దోపుకొని, అమ్మనూ నన్నూ పుత్తూరు వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. దత్తత వెళ్లినా, అంతకుముందే తండ్రి నుంచి వచ్చిన ఆస్తి పిల్లదేనని, తల్లి వేలిముద్రతో అది పోదని వకీలు చెప్పాడు. తిరిగి వస్తూ చిన్నాయన దారిలో కూర్చొని నన్ను అడిగాడు.

"పాపా, నాకు బిడ్డగా వచ్చేది నీకిష్టమేనా?"

అంతమంది పెద్దల్లో నన్ను అడిగింది ఆయనొక్కడే.

"సేను నాకుంటే వస్తా" అన్నాను. నవ్వి భుజానికెత్తుకున్నాడు. కాగితం విలువ అంత తెలిసిన ఆ మనిషి కూడా నన్ను బడికి పంపలేదు. ఆ కోపమూ నాకుంది.

నా కొడుకు పోయాక కోడలు మళ్లీ పెళ్లి చేసుకుంది. పోయినేడు ఆమె భర్త నా మనవరాలిని దత్తత తీసుకునే కాగితాలు తెచ్చాడు. ప్రతి వాక్యం నేను పైకి చదివి, మనవరాలితో మళ్లీ చదివించి, నీకిష్టమేనా అని అడిగాను. ఆ తర్వాతే తలూపాను.

ఇక ఆనాడు, వకీలు దగ్గరినుంచి వచ్చిన మరుసటి పొద్దున నేనేం చేశానంటే, ఒక్కదాన్నే మా నాయన చేలోకి పోయాను. పెద్దనాయన అక్కడే కలుపు తీయిస్తున్నాడు. ఆయన చూస్తుండగానే ఒక వేరుశనగ చెట్టు పీకి, మట్టి దులిపి, గట్టు మీద కూర్చొని పచ్చికాయలు ఒక్కొక్కటే ఒలుచుకొని తిన్నాను.