సున్నాకి దిగని ముల్లు

పిల్లల మీద ఒట్టు వేయమంటే వేస్తాను. వేసినా మీరు నమ్మరు, ఆ సంగతీ తెలుసు. పాడేరులో మెకానిక్ నమ్మలేదు. టీకొట్టు దగ్గర తోటి డ్రైవర్లు నమ్మలేదు. వాళ్ళలో ఎవడు ఎంతసేపు నవ్వాడో నాకు గుర్తుంది. మీలో ఎవరికైనా నవ్వొస్తే ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో వద్దు. మధ్యలో నవ్వితే ఇంక నేను చెప్పలేను.

ముంచింగిపుట్టులో నాకో జీపు ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి. సంత రోజున కొండ మీది గూడేలకు షేర్ సర్వీసు. మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళకి. ఇంజను పాతదే. కానీ డాష్‌బోర్డు మీద రెండు మీటర్లు సరిగ్గా పనిచేసేవి. ఆ దారిలో తిరిగే మిగతా జీపుల్లో అవి పనిచేయవు. పనిచేయకపోయినా ఎవడికీ పట్టదు. పాటలు మోగితే చాలు వాళ్ళకి.

ఒకటి నీళ్ళ వేడి చెప్పేది. ముల్లు మధ్యలో ఉంటే ఇంజను క్షేమం. ఎర్రగీత వైపు పోతే రేడియేటర్‌లో నీళ్ళు మరుగుతున్నాయని. రెండోది ఆయిల్ ప్రెషర్. మనిషికి బీపీ ఎలాగో ఇంజనుకి అది అలాగ. చలిలో పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ముల్లు పైకి లేస్తుంది. వేడెక్కినకొద్దీ ఆయిల్ పల్చబడుతుంది, ముల్లు దిగుతుంది. నా బండికి యాక్సిలరేటర్ తొక్కితే నలభై, వదిలేస్తే ఇరవై. వదిలేసినప్పుడు పదికి దిగిందంటే... ఆపేయాలి. ఇంకేం ఆలోచించకూడదు. లోపల ఇనుము ఇనుముని తింటోందని అర్థం.

ఈ ఆయిల్ మీటరు నేనే వేయించాను. వైర్లతో పనిచేసేది కాదు. ఇంజనులోంచి సన్నటి రాగి గొట్టం నేరుగా మీటరు వెనక్కి వస్తుంది. ఆ గొట్టంలోని ఆయిలే ముల్లుని నెడుతుంది. కరెంటుతో పనిలేదు. తాళంతో పనిలేదు. ఇంజను తిరిగితే ముల్లు లేస్తుంది, ఆగితే సున్నాకి పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి... తర్వాత కావాలి.

అది వేయించిన దగ్గర్నుంచి నాకు బీపీ డాక్టరని పేరు పెట్టారు. స్టార్ట్ చేశాక రెండు ముళ్ళూ కుదురుకునేదాకా బండి కదపను నేను. ఒక సంత సాయంత్రం దొన్ను మిరియాల బస్తాతో ఎక్కి కూర్చున్నాడు. కొండ మీది గూడెం అతనిది. కాసేపు చూసి, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఇంజనుకి పూజ సేత్తన్నావేటి బావు? బేగి కదుపు."

నేను కదపలేదు. అతను బస్తా దింపుకుని వెనక జీపు ఎక్కాడు. జనం నవ్వారు. అతని భార్య బుద్రి మాత్రం లేవలేదు.

"నువ్వు దాన్లో ఎల్లు. నాను ఈ బండే వత్తాను. ఈ బావు బద్రంగా దింపుతాడు," అంది.

నా గురించి అలాంటి మాట అన్న మనిషి ఆ కొండల్లో ఆమె ఒక్కతే. అదీ గుర్తుంది నాకు. తిట్లే గుర్తుంటాయని నన్నంటారు గానీ, ఇదీ గుర్తుంది.

ఆ బుద్రే చనిపోయింది. జ్వరం. పాడేరు ఆసుపత్రిలో. చలికాలం, సాయంత్రమే చీకటి పడిపోయే రోజులు. దొన్ను ఫోన్ చేసి, "బావు... దాన్ని ఇంటికి తీసుకెల్లాల," అన్నాడు. వాళ్ళ గూడెం దాకా ఆ కొండ ఎక్కుడు ఎక్కే బండ్లు కొన్నే ఉన్నాయి. మిగతావాళ్ళు శవమనగానే ఏదో ఒకటి చెప్పి తప్పుకున్నారు. నేను తప్పుకోలేదు. ఇది కూడా ఎవరూ చెప్పుకోరు.

మా దారిలో ఒక పట్టింపు ఉంది. శవాన్ని ఎక్కించుకున్న బండి ఇంజను ఊరి పొలిమేర గట్టు దాటేదాకా ఆపకూడదు. ఇంజను ఎక్కడ ఆగితే అదే ఇల్లనుకుని చనిపోయినవాళ్ళు అక్కడే దిగిపోతారట. అందుకే డీజిల్ ముందే కొట్టిస్తాం. టీకి ఆగినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. నాకు నమ్మకం ఉందా అంటే... అప్పటిదాకా ఆ ప్రశ్న రాలేదు.

బుద్రిని వెనక నేలమీద పడుకోబెట్టాం. నేను తల వైపు పట్టుకున్నాను. కాళ్ళ వైపు ఆమె తమ్ముడు కామేశు. దొన్ను ఆమె తల ఒళ్ళో పెట్టుకుని వెనకే కూర్చున్నాడు. కామేశు నా పక్కన. బయల్దేరాం.

గుంట వచ్చినప్పుడల్లా ఆమె కాలి కడియం జీపు ఇనుముకి తగిలేది. ఖణ్... మళ్ళీ గుంట. ఖణ్... ముంచింగిపుట్టు దాటాం. తారు రోడ్డు అయిపోయింది. మంచు దిగింది. హెడ్‌లైట్ల ముందు తెల్లటి దుప్పటి తప్ప ఏమీ లేదు. ఎక్కుడు మొదలైంది.

సగం ఎక్కాక చూశాను. వేడి ముల్లు మధ్యగీత దాటింది. గేరు మార్చాను. ఇంకా పోతోంది. ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ముందు నుంచి తియ్యటి కాలిన వాసన... రేడియేటర్ గొట్టం ఎక్కడో కారుతోంది.

"కామేశూ, వెనక సీటు కింద నీళ్ళ డబ్బాలున్నాయి. తియ్యి," అన్నాను.

కామేశు కదల్లేదు.

"అయ్యి నేవు."

"లేవేంటి?"

"అక్క పట్టనేదని దింపీసినాను. ఆసుపత్రి గోడ కాడ ఉన్నాయి."

నన్నొక్క మాట అడగలేదు. ఇప్పటికీ ఆ కుర్రాడు ఎదురైతే నాకు ఆ డబ్బాలే కనిపిస్తాయి. ఆ ఎక్కుడులో నీళ్ళున్న గెడ్డ, అదే వాగు, ఒక్కటే. అది ఊరికి అవతల ఉంది.

ఇంకో మలుపు తిరిగాం. అప్పుడు వేడి ముల్లు పడిపోయింది. మెల్లగా కాదు... ఎవరో వేలితో నెట్టినట్టు, ఎర్రగీత నుంచి అడుగుకి. చల్లగా ఉంది అని చెబుతోంది. కామేశు ముందుకి వంగి చూశాడు.

"సల్లబడిపోనాది గదా డ్రైవర్ బావు. తల్లి దయ. ఇంక పోనియ్."

అది చల్లబడటం కాదు. నీళ్ళ వేడి చెప్పే ముక్క నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్ళన్నీ పోతే అది ఖాళీలో వేలాడుతుంది. వేడి తెలియదు దానికి. ముల్లు అడుక్కి పడిందంటే లోపల చుక్క లేదని. ఇంజను మండుతోందని.

ఆయిల్ ముల్లు చూశాను. యాక్సిలరేటర్ తొక్కితే ఇరవై. వదిలితే... పన్నెండు. మళ్ళీ వదిలాను. పదికీ కింద.

బ్రేకు వేశాను.

"దొన్నూ, ఇంజను ఆపాలి."

అతను ఆమె తల ఇంకాస్త దగ్గరికి లాక్కుని నెమ్మదిగా అన్నాడు. "వద్దు బావు."

"ఆపకపోతే పట్టేస్తుంది. పట్టేస్తే మళ్ళీ తిరగదు."

"గట్టు ఎంతో దూరం నేదు. రెండు మలుపులు. నీ కాళ్ళు పట్టుకుంతాను బావు, ఆపీకు. ఇక్కడ ఆపితే అది ఇక్కడే దిగిపోద్ది. ఈ అడివిలో ఒక్కర్తీ ఏటి సేత్తది?"

ముల్లు చూశాను. ఎనిమిది. లోపల నుంచి చిన్న చప్పుడు మొదలైంది. టక టక టక... ఇనుము ఇనుముని కొట్టే చప్పుడు. ఆ జీపే నా అన్నం. నేను అప్పుడు చేసింది తప్పు కాదు. ఇవాళ అడిగినా ఇదే చెబుతాను. మీటరు ఆపమంది.

తాళం తిప్పాను.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. మంచు చెట్ల మీంచి జారే చప్పుడు కూడా వినిపించింది. వెనక దొన్ను ఏడవలేదు. ఊపిరి మాత్రం ఒక్కసారి లాగాడు. తాళం తీసి చేతిలో పట్టుకున్నాను. ఫోన్ టార్చి వేసి మీటరు చూశాను. ఆయిల్ ముల్లు సున్నా మీద పడి ఉంది. సరే అనుకున్నాను.

టార్చి ఆపబోతున్నాను...

ముల్లు కదిలింది.

కన్ను చెదిరిందనుకున్నాను. టార్చి దగ్గరగా పెట్టాను. సున్నా మీంచి లేచింది. ఐదు... ఆగింది. ఎవరో మెట్టు మీద కాలు పెట్టి ఆగినట్టు. మళ్ళీ లేచింది. పది... పదిహేను... ఇరవై దగ్గర నిలబడింది. నిలబడి... వణుకుతోంది. ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు ఎలా వణుకుతుందో అలాగ. అదే లయ. రోజూ చూసే వణుకు అది, నాకు తెలియదా.

తాళం నా చేతిలో ఉంది. పళ్ళు అరచేతిలో గుచ్చుకుంటున్నాయి.

దిగి బానెట్ ఎత్తాను. వేడి ముఖానికి కొట్టింది. టార్చి వేశాను. ఫ్యాన్ కదలడం లేదు. బెల్టు కదలడం లేదు. అంతా చచ్చి ఉంది. టిక్... టిక్... అని ఒక చప్పుడు మాత్రం వస్తోంది. వేడి ఇనుము చల్లారేటప్పుడు అలా వస్తుంది. అది అదే అయ్యుంటుంది. కడియం చప్పుడు కాదు. కాదనే అనుకుంటున్నాను.

తిరిగి వచ్చేసరికి దొన్ను తన ఫోన్ వెలుగు పట్టి సీట్ల మధ్యలోంచి తల పెట్టి మీటరు చూస్తున్నాడు.

"ఇంజను ఆగినాది గదా బావు. మరదెందుకు కదుల్తంది?"

ఎక్కి తాళం పెట్టి తిప్పాను. కటక్ అని ఒక్క చప్పుడు, అంతే. ఇంజను పట్టేసింది. కామేశు ఊళ్ళోకి పరుగెత్తాడు. నేనూ దొన్నూ అలాగే కూర్చున్నాం. మా మధ్య ఆ ముల్లు వణుకుతూనే ఉంది.

కర్రకి దుప్పటి కట్టిన డోలీతో మనుషులొచ్చారు. బుద్రిని ఎత్తుకున్నారు. అప్పుడు నేను ముల్లునే చూస్తున్నాను. ఇప్పుడు పడుతుంది, ఆమె దిగింది కదా అని. పడలేదు. డోలీ మలుపు తిరిగింది. దివిటీ వెలుగు పోయింది. పడలేదు. దొన్ను ఒక్కడూ ఆగిపోయాడు. బానెట్ మీద చెయ్యి వేసి, ఇంట్లో మనిషిని లేపుతున్నట్టు అన్నాడు.

"లెగు బుద్రీ. ఇది ఇల్లు కాదు. ఇల్లు ఇంకా రానేదు."

ముల్లుని చూశాడు, నన్ను చూడలేదు. వెళ్ళిపోయాడు.

బండి వదిలి నేనెక్కడికి పోను? తెల్లారేదాకా అందులోనే ఉన్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. వెలుతురు వచ్చాక బానెట్ ముట్టుకున్నాను. మంచుకి రోడ్డు మీది గడ్డి బిగుసుకుపోయి ఉంది. బానెట్ మాత్రం వెచ్చగా ఉంది... ఇప్పుడే ఆపినట్టు.

ట్రాక్టరు కట్టి పాడేరు లాక్కొచ్చాం. మెకానిక్ ఇంజను విప్పి పెదవి విరిచాడు. మీటరు మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. "వేడికి గొట్టంలో ఆయిల్ మరిగి ముల్లుని తోసింది. లోపల స్ప్రింగు వంగిపోయి అక్కడే పట్టేసింది. దీనికింత కథా?" అన్నాడు. నవ్వాడు. వణికిందయ్యా అంటే, "చలికి నువ్వు వణికుంటావు" అన్నాడు. రాగి గొట్టం కోయించి మీటరు తీసుకుని వచ్చేశాను. ముల్లు ఇరవై మీదే ఉంది. జీపు పాత ఇనుము కింద పోయింది. ఇప్పుడు వేరేవాళ్ళ బండికి డ్రైవర్ని. అందులో ఒక్క మీటరూ పనిచేయదు. చెబితే ఓనరు, నడుస్తోంది కదా అంటాడు.

సంతలో దొన్ను నన్ను చూసి ముఖం తిప్పుకునేవాడు. ఒకసారి అడ్డం వెళ్ళి చెప్పాను. ఆపకపోయినా ఆ మలుపు దాటేలోపు ఇంజను తనంతట తనే ఆగిపోయేది, ఎలాగైనా అక్కడే అయ్యేది, అని.

"అదే ఆగిపోతే అది ఏరే సంగతి బావు," అన్నాడు. "నువ్వు ఆపినావు."



తర్వాత ఓ సంత రోజు అతనే మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, "అది ఇంకా నిలబడే ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "నాకియ్యి. గట్టు దాటిత్తాను," అన్నాడు. తువ్వాలులో చుట్టి, రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని నడుచుకుంటూ పోయాడు. జీపు ఎక్కమంటే ఎక్కలేదు. దారిలో ఎక్కడా కింద పెట్టలేదని, కూర్చోలేదని తర్వాత ఎవరో చెప్పారు.

గట్టు దాటితే ముల్లు పడుతుందని నాకు ఆశ కలిగింది. అబద్ధమెందుకు.

మళ్ళీ సంతకి వచ్చాడు. నేను నడిపే బండిలో నా పక్క సీటు మీద తువ్వాలు మూట పెట్టాడు.

"గట్టు దాటించినాను. పొయ్యి కాడ ఎట్టినాను. పేరెట్టి పిలిసినాను. దిగనేదు."

"మరి నాకెందుకు తెచ్చావు?"

అప్పటికి మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఈ బండే వత్తానంది గదా అది," అన్నాడు. అని సంత జనంలోకి వెళ్ళిపోయాడు.

మీటరు ఇప్పుడు మా కిటికీలో ఉంది. ముల్లు ఇరవై మీద. ఒక్కో రాత్రి వణుకుతుంది. రోడ్డు మీద లారీ పోతే కిటికీ అదిరి అలా అవుతుందని నా భార్య అంటుంది. కావచ్చు. స్ప్రింగే పోయిందేమో. మెకానిక్ చెప్పిందే నిజమేమో. నాకు తెలియదు... లారీ లేనప్పుడు లేచి కూర్చుని చూస్తాను. భద్రంగా దింపుతానని నమ్మి ఎక్కింది బుద్రి. నాకిప్పుడు బండి లేదు.